సీటు దారం

ఫిబ్రవరి 11

పిన్నీ,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నీ కనుబొమ్మలు ఈపాటికి నెత్తిమీదకి ఎక్కి ఉంటాయి. ఫోన్లో అయితే నేను ఏడుపు మొదలుపెట్టేలోపే నువ్వు నవ్వించేస్తావు. పెట్టేశాక, చెప్పాల్సింది చెప్పనే లేదని గుర్తొస్తుంది. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు.

నవంబరులో సెలవు పెట్టి నీ దగ్గరికి వచ్చినప్పుడు నా జుట్టుని సన్నగా అల్లి, దాని మీద సవరంలా నువ్వు కుట్టిన వీవ్‌ని ఆదివారం విప్పించేశాను. నువ్వు చెప్పినట్టే మూడు నెలలూ ఉంచాను. నీ కుట్టు ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు. విప్పడానికి ఇక్కడి సలోను ఆవిడకి రెండు గంటలు పట్టింది. "ఇదేం దారమండీ, కత్తెరకి కూడా లొంగట్లేదు!" అంది. "మా పిన్ని సలోనులో నేర్చుకుంది, అది స్పెషల్ దారం" అని గొప్పగా చెప్పాను.

కుట్టిన జుట్టు వచ్చేసింది. దాంతోపాటు నాదీ వచ్చేసింది. కింద అల్లిన సన్నటి జడలు విప్పుతుంటే వెంట్రుకలు గుప్పెళ్ళతో చేతికొచ్చాయి. కొన్ని కుదుళ్ళతో సహా, కొన్ని మధ్యలో పుటుక్కున తెగి. రెండు కణతల దగ్గరా, నుదుటి అంచునా చర్మం మెరుస్తోంది. ఆవిడ నా ముందున్న అద్దాన్ని పక్కకి తిప్పేసింది. అది చూసి నాకు భయం వేసింది.

కళ్ళజోళ్ళ షాపులో పని నాది, నీకు తెలుసుగా. మా కౌంటరు చుట్టూ ఇరవై ఆరు అద్దాలు. ఎటు తిరిగినా నేనే. పైగా వీవ్‌తో దిగిన నా ఫోటోని పెద్ద పోస్టరు చేసి తలుపు పక్కనే పెట్టారు. నిన్న ఒకావిడ పోస్టరు చూసి, స్కార్ఫ్ కట్టుకున్న నన్ను చూసి, "మీ చెల్లెలా?" అంది.

నేనే సరిగ్గా కడుక్కోలేదేమో, తడి ఆరకుండా పడుకున్నానేమో. ఏం చెయ్యాలో చెప్పు.

నీ ఉడత

~

ఫిబ్రవరి 18

తోక రాలిన ఉడతకి,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ నేనూ, నా మిషనూ, నా ఎడం మోకాలూ ముగ్గురం నడుస్తూనే ఉన్నాం, మోకాలు కాస్త వెనక.

జుట్టుదేముందే, గడ్డిలాంటిది, మళ్ళీ మొలుస్తుంది. మీ ఊరి నీళ్ళు మంచివి కావేమో చూసుకో. షాంపూ మార్చు. తడి జుట్టుని దువ్వకు, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెన కొనుక్కో, బిగించి కట్టకు. పోస్టరుకి కూడా ఓ స్కార్ఫ్ కట్టేయ్, గొడవ వదిలిపోతుంది.

మా సీటు కవర్ల షాపు సంగతి చెప్తాను, నవ్వుకో. మొన్న ఒకాయన తన కారుకి పులిచర్మం డిజైను కావాలన్నాడు. మనిషేమో వీధిలో కుక్క మొరిగితే డిక్కీలో దూరే రకం. "స్టీరింగుకి కూడా పులి వేస్తారా?" అన్నాడు. "వేస్తాం గానీ, మరి మలుపు తిప్పేటప్పుడు భయపడకూడదు" అన్నాను. ఓనరు లోపలికి పరిగెత్తాడు నవ్వు ఆపుకోలేక. మా కటింగ్ మాస్టారు, అదే మేమంతా కత్తెర అని పిలుస్తామే, ఆయన ఈమధ్య నన్ను "గురువుగారూ" అంటున్నాడు. ఎందుకో అడక్కు.

దారం గురించి సలోనులో ఎవరైనా అడిగితే పిన్నిని అడగాలని చెప్పు. అన్నీ నువ్వే చెప్పక్కర్లేదు.

పిన్ని

~

ఫిబ్రవరి 27

పిన్నీ,

"తోక రాలిన ఉడత" అన్నావు. నువ్వు రాసేటప్పుడు నవ్వే ఉంటావు. నేను షాపు స్టోరు గదిలో డబ్బాల మధ్య నిలబడి చదివాను. అక్కడ అద్దాలు ఉండవు.

చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. టార్చి వేసి, భూతద్దం పెట్టి చూశాడు. వీవ్ ఎన్నాళ్ళుంచావు, ఎవరు కుట్టారు అని అడిగాడు. సలోనులో నేర్చుకున్న మనిషే కుట్టిందని చెప్పాను. "అయితే అంత బిగుతుగా ఉండి ఉండదు" అని, తర్వాత ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని అడిగాడు. అమ్మ సంగతి చెప్పాను. అప్పుడు రాయడం ఆపి నావైపు చూశాడు. రక్త పరీక్షలు, ఇంకేవో స్కాన్లు రాశాడు.

పిన్నీ, అమ్మకి కూడా ముందు జుట్టే ఊడింది కదా? నాకు తొమ్మిదేళ్ళు. వరండాలో మెట్టు మీద కూర్చోబెట్టి నువ్వే చెప్పావు: "మీ అమ్మ జుట్టు ఊడుతోందని ఆసుపత్రికి వెళ్తోంది. అక్కడ నారు పోసినట్టు కొత్త జుట్టు నాటి పంపిస్తారు." నేను నవ్వాను కూడా. అమ్మ తిరిగి రాలేదు.

అందుకే అడుగుతున్నాను. అమ్మకి మొదట ఎక్కడ ఊడింది? కణతల దగ్గరా? నాన్నని అడిగితే లేచి చెప్పులు వేసుకుంటారు. నువ్వే చెప్పాలి.

ఉడత

~

మార్చి 6

అమ్మలూ,

తోక అన్నందుకు నా నాలుక్కి నాలుగు కుట్లు వెయ్యాలి. తప్పయిపోయింది.

మీ అమ్మ సంగతి ఇప్పుడెందుకు? ఇరవై రెండేళ్ళయింది. నాకు సరిగ్గా గుర్తులేదు. ఎక్కడ మొదలైందో ఎవరు చూశారు. నువ్వు అనవసరంగా ఎక్కడిదో ఎక్కడికో ముడిపెడుతున్నావు. నువ్వు బాగానే ఉంటావు. పరీక్షల్లో ఏమీ ఉండదు, రాసిపెట్టుకో.

షాపు షట్టరు తుప్పు పట్టి సగంలో ఆగిపోయింది. అందరం వంగి లోపలికి వెళ్ళాల్సి వస్తోంది. ఓనరు ముందు వంగి దండం పెట్టినట్టే ఉంటోంది రోజూ. ఆయన కూడా "దీర్ఘాయుష్మాన్ భవ" అంటున్నాడు.

వేళకి తిను. తలకి గాలి తగలనివ్వు.

పిన్ని

~

మార్చి 14

పిన్నీ,

నాలుగేళ్ళప్పుడు నేను ఏ రంగు గౌను వేసుకుని ఎవరి మీద వాంతి చేసుకున్నానో నీకు గుర్తు. పక్కింటివాళ్ళ కుక్క ఏ రోజు చచ్చిపోయిందో గుర్తు. సొంత అక్క జుట్టు ఎక్కణ్ణుంచి ఊడిందో గుర్తులేదా?

అర్థమైంది. నువ్వు గుర్తులేదన్నావంటే చెప్పలేకపోతున్నావన్నమాట. అబద్ధం చెప్పేటప్పుడు కూడా నువ్వు ఇంత పొడిగా ఉండవు. అంటే నాకూ అమ్మ జబ్బే.

మా షాపు వాళ్ళు కొత్త బ్రాంచి తెరుస్తున్నారని చెప్పాను కదా, దానికి ఇన్‌చార్జిగా నన్ను అనుకున్నారు. ఇరవయ్యో తేదీలోగా చెప్పమన్నారు. ఈ రోజు మేనేజరుకి వద్దని చెప్పేశాను. వచ్చే ఏడాదికి నేను ఎలా ఉంటానో తెలియకుండా ఒక షాపు తాళాలు తీసుకోవడం న్యాయం కాదు. ఆయన "ఇంకో వారం ఆలోచించుకోండి" అన్నాడు. ఆలోచించేదేముంది.

పరీక్షలు ఇరవై రెండున. స్కార్ఫులు మూడు కొన్నాను. నీలం రంగుది నాకు బావుంటుందని మా క్యాషియరు అంది. ఆవిడకి నేను ఏమీ చెప్పలేదు.

ఉడత

~

మార్చి 19

నా తల్లీ,

ఇది చదివాక నన్ను ఏమన్నా పడతాను. ముందు ఒక్క మాట: నీకు మీ అమ్మ జబ్బు లేదు. వెంటనే మేనేజరు దగ్గరికి వెళ్ళి షాపు తీసుకుంటానని చెప్పు. ఈ ఉత్తరం ఇరవయ్యికి చేరుతుందో లేదో తెలియక ఇందాక రెండుసార్లు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. ఎందుకెత్తుతావులే.

నేను ఏ సలోనులోనూ ఏమీ నేర్చుకోలేదు. మా షాపుకి ఎదురుగా ఒక సలోను ఉంది. అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోంచి వాళ్ళు కుట్టడం నాలుగు రోజులు చూశాను. అంతే నా చదువు. "ఇదేముంది, ముప్పై ఏళ్ళుగా సీట్లు కుడుతున్నాను, తల కుట్టలేనా?" అన్నాను. కత్తెర వెక్కిరించాడు. "తల సీటు కాదమ్మా. నువ్వు కుడితే నెల కూడా నిలవదు" అన్నాడు. నా సంగతి నీకు తెలుసుగా, ఎవరైనా కాదంటే నాకు పూనకం వస్తుంది. పందెం వేశాను. నా కుట్టు మూడు నెలలు నిలిస్తే ఆయన నన్ను రెండు నెలలు గురువుగారూ అనాలి. ఆ పందేనికి తల కావాలి. సరిగ్గా అప్పుడే నువ్వు, పోస్టరు ఫోటో తీస్తారు పిన్నీ, జుట్టు పల్చగా ఉంది అంటూ వచ్చావు.

ఆ దారం స్పెషల్ దారమే. లారీ సీట్లకి వాడతాం. నైలాను, పైన మైనం పూత. ముడి కూడా మా సీటు ముడే, లాగేకొద్దీ బిగుసుకుంటుంది. ముందు వరసలో సూది దింపగానే "అబ్బా పిన్నీ, పీకుతోంది" అన్నావు. "మొదటి రోజు అంతే, రెండో రోజుకి తల మర్చిపోతుంది" అన్నాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు, అక్కడికక్కడ పుట్టించాను. డిసెంబరులో ఫోన్ చేసి అంచుల్లో పొక్కులు లేస్తున్నాయన్నావు, ఒక పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నానన్నావు. కొత్త చెప్పులు కరవవా, ఇదీ అంతే అన్నాను. నువ్వు నవ్వావు. ఫోన్ పెట్టేసి కత్తెరతో "నలభై రోజులైంది, లెక్క రాసుకో" అన్నాను.

నీ మొదటి ఉత్తరం అందిన రోజే ఎదురు సలోనుకి వెళ్ళి అడిగాను. ఆరు వారాలు, మహా అయితే ఎనిమిది, అంతకన్నా ఉంచకూడదట. నొప్పి పుట్టిందంటే ఆ రోజే విప్పేయాలట. దారం ఏం వాడారని అడిగితే జేబులోంచి తీసి చూపించాను. ఆవిడ దారాన్ని చూసి, నన్ను చూసి, "ఎవరికి కుట్టారు?" అంది. ఎవరికో అన్నాను. సొంత అక్క కూతుర్ని ఎవరో అన్నాను.

అంతా తెలిసే నీకు షాంపూ మార్చమని రాశాను. నీళ్ళ మీద నేరం వేశాను. షాపులో కత్తెర "గురువుగారూ" అన్నప్పుడల్లా మిషను గట్టిగా తొక్కేసి విననట్టు నటిస్తున్నాను. ఇక ఆపమని చెబితే రెండు నెలలూ పూర్తవ్వాలిగా అంటాడు.

మార్చి ఎనిమిదినే ఇదంతా రాశాను. కవరు అంటించాను. పోస్టు డబ్బా దాకా వెళ్ళి, డబ్బా మూతి చూసి, వెనక్కి వచ్చేశాను. ఆ కవరు ఇంకా మిషను నూనె డబ్బా కింద ఉంది, నూనె పీల్చుకుని అక్షరాలు అవతలికి కనిపిస్తున్నాయి. అది ఆ రోజే వేసి ఉంటే నువ్వు షాపు వద్దనేదానివి కాదు.

మీ అమ్మ మాట. అక్కకి జుట్టు ముందు ఊడలేదు. క్యాన్సరు లోపల ఎప్పుడో మొదలైంది. ఆసుపత్రిలో మందు ఎక్కించాక ఊడింది జుట్టు. నువ్వు చిన్నపిల్లవి, నీకెలా చెప్పాలో తెలియక నారు, నాట్లు అని కథ అల్లాను. నువ్వు నవ్వితే బావుండేది నాకు. ఆ కథనే నువ్వు ఇన్నేళ్ళూ మోసుకుంటూ వచ్చి, ఇప్పుడు నేను పాడుచేసిన తల మీద పెట్టుకుని భయపడుతున్నావు. రెండూ నా నోటి పుణ్యమే.

పరీక్షలకి వెళ్ళేటప్పుడు డాక్టరుకి ఈ దారం చూపించు. కవర్లో చిన్న ముక్క పెట్టాను.

నన్ను క్షమించమని అడగడానికి ముఖం చెల్లడం లేదు.

పిన్ని

~

మార్చి 29

పిన్నికి,

నీ ఉత్తరం ఇరవై మూడున వచ్చింది. ఫోన్లు నువ్వు చేసినవేనని తెలిసే ఎత్తలేదు. జోకులు వినే ఓపిక లేకపోయింది. ఎందుకు చేస్తున్నావో తెలిసి ఉంటే ఎత్తేదాన్ని.

కొత్త బ్రాంచి మా క్యాషియరుకి ఇచ్చారు. నీలం స్కార్ఫు బావుందన్న ఆవిడకే. మంచి మనిషి. నాకు స్వీటు తెచ్చి పెడుతుంటే తినలేక, పళ్ళు నొప్పి అన్నాను. అబద్ధం ఎలా చెప్పాలో నేనూ నేర్చుకున్నాను.

పరీక్షల్లో ఏమీ లేదు. డాక్టరుకి దారం చూపించాను. రెండు చేతులతో లాగి చూశాడు. తెగలేదు. "దీన్ని తలకా?" అన్నాడు. లాగి లాగి కుదుళ్ళు నీరసించాయి, అన్నీ చచ్చిపోలేదు అన్నాడు. తలకి రాసుకోవడానికి ఒక మందు ఇచ్చాడు. జడ వద్దు, బిగింపు వద్దు, వేడిగాలి వద్దు, ఏడాది దాకా ఏ కుట్టూ వద్దు. చాలావరకు వస్తుందట. ఎడమ కణత దగ్గర మాత్రం మాట ఇవ్వనన్నాడు.

డాక్టరు మాట ఇవ్వనన్నందుకు నాకు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

దారం మీద కన్నా నాకు కోపం దేని మీదంటే, నెలరోజులు నేను చచ్చిపోతాననుకుని బతికాను. ఆ నెలరోజులూ నీకు నిజం తెలుసు. నాకేమో తుప్పు పట్టిన షట్టరు కథ రాశావు.

ఇకమీదట నన్ను ఉడతా అనొద్దు. ఫోన్ చెయ్యొద్దు. ఒక్క ఉత్తరం రాయి, అమ్మ గురించి. ఎక్కడా నవ్వు పెట్టకుండా. నీ చేత అవుతుందో కాదో నాకు తెలియదు.

నీ అక్క కూతురు

~

ఏప్రిల్ 17

అక్క కూతురికి,

ఇది అయిదోసారి రాయడం. నాలుగు చింపేశాను. ప్రతిదాంట్లో ఎక్కడో ఒకచోట వెక్కిరింత దూరింది. ఏడో తరగతితో ఆగిన చదువు నాది. నవ్వు తీసేస్తే నాకు వచ్చిన మాటలు చాలా తక్కువని ఇప్పుడే తెలిసింది.

మీ అమ్మకి రెండోసారి మందు ఎక్కించి ఇంటికి పంపిన వారానికి దిండు నిండా జుట్టు. పొద్దున్నే నన్ను పిలిచి, "ఇలా రోజూ ఊడుతుంటే చూడలేను, మొత్తం తీసేయవే" అంది. మీ నాన్న బజారుకి వెళ్ళారు. ఉంటే చెయ్యనిచ్చేవారు కాదు. నువ్వు బడిలో ఉన్నావు. వెనక గదిలో కిటికీ దగ్గర ముక్కాలి పీట వేసి, భుజాల చుట్టూ పాత దుప్పటి కప్పి, షాపు కత్తెరతో తీశాను. అక్క జుట్టు నడుము దాటి ఉండేది, నీకు గుర్తుండే ఉంటుంది. కత్తెర పెట్టకముందే సగం చేతిలోకి వచ్చింది.

అయిపోయాక అద్దం ఇవ్వబోయాను. "అద్దం వద్దు. నీ మొహం చూస్తాను, ఎలా ఉన్నానో తెలిసిపోతుంది" అంది. అక్క నవ్వాలని కళ్ళు మెల్ల పెట్టి, బుగ్గలు ఉబ్బించి, వెర్రి మొహం పెట్టాను. చిన్నప్పుడు దానికి పడీ పడీ నవ్వేది.

అక్క నవ్వలేదు. "ఒక్కసారి మామూలుగా చూడవే" అంది.

నేను చూడలేకపోయాను. కింద జుట్టు ఊడ్చే పని పెట్టుకున్నాను.

ఊడుస్తుంటే వెనకనించి అంది, "పిల్లకి అబద్ధం చెప్పకు. అమ్మకి జబ్బు చేసిందని చెప్పు. అది తట్టుకుంటుంది, నీకన్నా గట్టిది." సరే అన్నాను. సాయంత్రం నువ్వు బడి నించి వచ్చావు. వరండాలో కూర్చోబెట్టాను. జబ్బు అనే మాట నోట్లోకి వచ్చింది. నీ మొహం చూసి, నారు పోస్తారని చెప్పాను. లోపలి గదిలో అక్కకి వినపడే ఉంటుంది. మర్నాడు తలకి కొంగు కప్పుకుని మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళేదాకా అక్క ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అంతే. ఇంతకుమించి ఎవరికీ చెప్పలేదు.

కత్తెరకి అంతా చెప్పేశాను. అప్పటినించి గురువుగారూ అనడం మానేశాడు. టీ తెచ్చి నా మిషను పక్కన పెట్టి వెళ్తాడు. ఇక లారీ దారం పట్టుకోలేనని ఓనరుకి చెప్పి, కొన్నాళ్ళు దిండు గలీబులు కుడుతున్నాను.

కవర్లో ఒక రెక్సిన్ ముక్క పెట్టాను. దాని అంచున ఎర్ర దారంతో కుట్లు వేశాను, అన్నీ ఒకే కొలత. నీకు కొత్త జుట్టు వచ్చినప్పుడు ఎంత వచ్చిందో దీంతో కొలువు. స్కేలు నీ దగ్గర ఉండదని కాదు. వద్దనుకుంటే పారెయ్.

నవ్వు పెట్టొద్దన్నావు, పెట్టలేదు. ఎప్పట్లాగే చివర్లో నేను బాగున్నానని రాయబోయి, ఆ లైను దగ్గర ఆగిపోయాను.

పిన్ని

~

జూలై 6

పిన్నీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయకపోవడం కావాలనే. మొదట కోపంతో, తర్వాత ఏం రాయాలో తెలియక. కిటికీ దగ్గర పీట మీద అమ్మని మనసులో చాలాసార్లు చూశాను. నాకు తెలియని అమ్మని ఇచ్చావు, ఆ అమ్మ నన్ను గట్టిదంది. ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా అందింది ఆ మాట.

ఆ కోపం పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే నేనూ అబద్ధం చెప్పినట్టే.

పోస్టరు తీసేశారు. షాపులో స్కార్ఫు మానేసి పదిరోజులైంది. మొదటి రోజు ఇరవై ఆరు అద్దాల్లోనూ నన్ను నేను చూసుకుంటూ తిరిగాను. వచ్చినవాళ్ళు ఎవరి మొహం వాళ్ళు చూసుకున్నారు. కొత్త బ్రాంచి నించి క్యాషియరు వచ్చి, "ఇదేమిటి, పిచ్చుక పిల్లలా ఉన్నారు!" అంది. ఆవిడకి నిజం చెప్పాను. దారం సంగతి కూడా.

ఎడమ కణత ఇంకా ఖాళీగానే ఉంది. డాక్టరు మాట ఇవ్వలేదుగా.

రెక్సిన్ ముక్క పారేద్దామని రెండుసార్లు చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళాను. నిన్న ఆదివారం తలుపు వేసుకుని, దాన్ని నుదుటి అంచుకి ఆనించి కొలిచాను. కుడివైపు ఒకటిన్నర కుట్టు.

బుధవారం సాయంత్రం షాపు తొందరగా మూస్తాం. ఫోన్ చెయ్యి. మొదటి అయిదు నిమిషాలు నన్ను నవ్వించకు.

నీ అక్క కూతురు